కుడి నుంచి చదివిన కథ
దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మారకోపన్యాసం



దుర్గాబాయమ్మ పేరిట మాట్లాడాలని కబురొచ్చినప్పుడు సభ విద్యానగర్‌లోనో, యూనివర్సిటీ రోడ్డులోనో అనుకున్నాను. మొగల్‌పురాలో అని తెలిశాక ఇంక ఆలోచించలేదు. గౌలిపురాలో పుట్టి పెరిగినదాన్ని. శాలిబండ, తలాబ్‌కట్ట, ఈదీ బజార్, చాంద్రాయణగుట్ట, ఎవరింట్లో చాప పరిస్తే అక్కడ కూర్చుని పెద్దవాళ్ళకు అక్షరాలు చెప్పాను. ముందు వరసలో కూర్చున్నవాళ్ళలో నలుగురైదుగురు నా దగ్గర పలక పట్టినవాళ్ళే. కాబట్టి ఈ పూట గొప్పలు చెప్పుకునే వీలు లేదు. నా తెలివితక్కువతనంతోనే మొదలుపెడతాను.

1979లో నేను ఈ పనిలో చేరాను. జాతీయ వయోజన విద్యా కార్యక్రమం 1978 అక్టోబర్ 2న మొదలైంది, అప్పటికి ఏడాది కూడా కాలేదు. కేంద్రానికి 30 మంది, బోధకురాలికి నెలకు 50 రూపాయలు. నాకు తలాబ్‌కట్టలో ఒక ఇంటి వెనక గది దొరికింది. 30 మంది అని రిజిస్టరులో ఉండేది, వచ్చేది పన్నెండు మంది. మొదటి వారం అక్షరాల జోలికి పోవద్దు, బొమ్మలు చూపించి మాట్లాడించమని మాకు చెప్పి పంపారు. నేనే ఒక చార్టు గీసుకున్నాను. నాలుగు బొమ్మలు. ఒకామె డబ్బాలో చిల్లర వేస్తోంది. తర్వాతి బొమ్మలో కుట్టుమిషన్ కొంది. ఆ తర్వాత బట్టలు కుడుతోంది, గిరాకీ వచ్చింది. చివరి బొమ్మలో పక్కా ఇంటి ముందు నిలబడింది. పొదుపు పాఠం అన్నమాట.

"ఈమె కథ చెప్పండి" అన్నాను. అందరూ ఖాలా అని పిలిచే ఒక నడివయసు ఆమె గొంతు సవరించుకుంది. "ఈమెకు మంచి ఇల్లుండె. ఏమైందో ఏమో, బట్టలు కుట్టుకొని బతికే గతి పట్టింది. తర్వాత గిరాకీ పోయింది, మిషన్ ఒక్కటే మిగిలింది. ఆఖరికి చూడు బేటీ, డబ్బాలో చిల్లర ఏరుకుంటోంది." పక్కనున్నామె నిట్టూర్చి, సౌదీలో ఉన్న మొగుడు పైసలు పంపడం మానేస్తే ఇంతే అంది. గదిలో అందరూ తలూపారు.

ఆ రాత్రి నా డైరీలో రాసుకున్న వాక్యం ఇప్పటికీ ఉంది: "వీళ్ళకు బొమ్మలు చదవడం రాదు."

రాకపోవడమేమిటి! చక్కగా చదివారు. కుడి నుంచి ఎడమకు చదివారు. చిన్నప్పుడు మహల్లాలో ఎవరో ఒక ఉస్తానీ దగ్గర కాయిదా పట్టుకుని అలిఫ్ బే నేర్చుకున్నవాళ్ళు వాళ్ళు. ఏ కాగితమైనా కుడి అంచు నుంచి మొదలవుతుందన్నది వాళ్ళ కంటికి అలవాటు. ఆ పన్నెండు మందిలో తొమ్మిది మంది ఖురాన్ చదవగలరు. కాని నా రిజిస్టరులో పన్నెండు మంది పేర్ల ఎదురుగా ఒకటే మాట: నిరక్షరాస్యులు. అది పుట్టించింది నేను కాదు. ఏ భాషలోనైనా అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం రెండూ వస్తేనే అక్షరాస్యులని మన జనాభా లెక్కల నిర్వచనం. అరబ్బీ అర్థం తెలియకుండా చదివే మనిషి ఆ గీతకు ఇవతలే ఉండిపోతుంది. చదవడం వచ్చి రాయడం రానిదీ అంతే. "పఢ్‌నా ఆతా, లిఖ్‌నా నై ఆతా" అని మొదటి రోజే వాళ్ళు చెప్పారు. చదవడం వచ్చు, రాయడం రాదు అని. నేను రెండో సగమే విన్నాను.

నిర్వచనం తప్పని అనను. లెక్కకు ఏదో ఒక గీత గీయాలి. కాని లెక్కల మనిషి గీసిన గీతను పంతులమ్మ కూడా పట్టుకుంటే ఆమె పాఠం సున్నా నుంచి మొదలవుతుంది. సున్నా నుంచి మొదలుపెట్టించుకునే పిల్లాడికి పరవాలేదు. నలభై ఏళ్ళ మనిషికి అది అవమానం.

దీని నుంచి నన్ను బయటపడేసింది ఏ శిక్షణా కాదు, మా నాన్న నోటుబుక్కు.

మా నాన్న నిజాం కాలంలో చదువుకున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయమే ఉర్దూ మాధ్యమంలో మొదలైన ఊరు ఇది. ఉర్దూలో మెట్రిక్ దాకా వచ్చి పత్థర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో ముంషీగా చేరారు. ఆ తరంలో ఇలాంటి తెలుగువాళ్ళు ఈ గల్లీల్లో చాలామంది. మాట తెలుగు, చేతిరాత ఉర్దూ. తెలుగు అక్షరం ముందు మాత్రం వాళ్ళు వేలిముద్రగాళ్ళే. 1966లో తెలుగును అధికార భాష చేస్తూ చట్టం వచ్చింది. ఆఫీసు కాగితాలు మారుతున్నాయి, పెళ్ళి పత్రికలు అప్పటికే మారిపోయాయి. నలభై దాటిన మా నాన్న నా రెండో తరగతి వాచకం తీసుకుని, రాత్రి దుకాణం నుంచి వచ్చాక, ఎవరినీ అడగకుండా తెలుగు నేర్చుకున్నారు.

ఆయన పోయాక ఆ నోటుబుక్కు నా చేతికొచ్చింది. నిలువు గీత కొట్టి ఒక పక్క తెలుగు, ఒక పక్క ఉర్దూ. తలకట్టు పక్కన జబర్. గుడి పక్కన జేర్. కొమ్ము పక్కన పేష్. దీర్ఘం పక్కన అలిఫ్. పొల్లు పక్కన జజమ్. ద్విత్వాక్షరానికి తష్దీద్. ఒక్క పేజీలో మొత్తం గుణింతం యంత్రమంతా విప్పి పెట్టారు. ఆ పేజీ చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు. తలాబ్‌కట్ట గదిలో పన్నెండు మందికి నాలుగు నెలలుగా క కా కి కీ నూరిపోస్తున్నాను. వాళ్ళలో తొమ్మిది మంది ఏడెనిమిదేళ్ళ వయసులోనే "బే జబర్ బ, బే జేర్ బి, బే పేష్ బు" అని రాగం తీసినవాళ్ళు. గుణింతం అంటే హల్లుకు గుర్తు తగిలిస్తే పలుకు మారడమే. ఆ సూత్రం వాళ్ళకు నాకంటే ముందే తెలుసు. ఎవరూ వాళ్ళకు చెప్పలేదు, ఇది అదేనని.

మర్నాడు బోర్డు మీద క రాసి, "దీనికి జేర్ పెడితే?" అన్నాను. "కి" అన్నారు గదంతా. గుడి గీశాను. ఖాలా కళ్ళు చిట్లించి చూసి నవ్వింది. జేర్ అంటే కింద అని అర్థం, ఉర్దూలో అది అక్షరం కిందే ఉంటుంది. "ఇదేం జేర్ బేటీ, కింద అని పేరు పెట్టుకొని నెత్తినెక్కి కూచుంది!" ఆ పూట గుణింతం మొత్తం అయిపోయింది. నాలుగు నెలలు కానిది గంటన్నరలో అయింది.

అందరికీ ఇదే మంత్రం అని మాత్రం అనుకోకండి. ఆ వంతెన మీద పలకలు కొన్ని లేవు. ఉర్దూలో కురచ ఎ, కురచ ఒ లేవు. అందువల్ల ఎ-ఏ, ఒ-ఓ దగ్గర మావాళ్ళు చాలాకాలం తడబడ్డారు. "కొడుకు" కోడుకయ్యేవాడు, "కోడలు" కొడలయ్యేది. ణ, ళ పలకడం ఇంకో తంటా. ఇక ఆ పన్నెండులో మిగతా ముగ్గురు లాల్‌దర్వాజా వైపు నుంచి వచ్చే తెలుగు ఆడవాళ్ళు. ఏ లిపీ ఎరుగరు. జబర్ అన్న మాటే వాళ్ళకు తెలియదు. తొమ్మిది మంది పరిగెడుతుంటే ఆ ముగ్గురూ గోడకు జారబడి చూస్తూ కూర్చున్నారు. అయితే కొడుకు-కోడలు దగ్గరికి రాగానే ఆ ముగ్గురే పంతులమ్మలయ్యారు. చెవిలో తెలుగు పుట్టినప్పటి నుంచీ ఉంది కదా. ఆ రెండు మాటలూ పలికి చూపించి, మిగతావాళ్ళ నోరు తిరగకపోతే పడి పడి నవ్వేవాళ్ళు. ఇది నేను చేసిన ఏర్పాటు కాదు, దానంతటది జరిగింది. నేను చేసింది అడ్డు రాకపోవడమే.

ఇప్పుడు దుర్గాబాయమ్మ దగ్గరికి వస్తాను. ఆమెను మనం సంస్థలు పెట్టిన మనిషిగా గుర్తుంచుకున్నాం. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ, తర్వాత రాజ్యాంగ సభ, ప్రణాళికా సంఘం, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్షత, ఈ ఊళ్ళో మహిళా సభ సాక్షరతా భవనం. ఇవన్నీ సరే. నాకు మాత్రం ఆమె మొదట ఒక వయోజన విద్యార్థిని. 1909లో రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేళ్ళకు పెళ్ళి చేశారు. బడి సగంలో వదిలేసింది. పన్నెండు పదమూడేళ్ళ వయసులోనే హిందీ నేర్చుకుని తోటి ఆడపిల్లలకు హిందీ బడి నడిపింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళింది. జైల్లో తోటి ఖైదీ ఆడవాళ్ళను చూసింది. తమ మీద ఏ కేసు ఉందో, ఏ కాగితం మీద వేలిముద్ర వేశారో తెలియని ఆడవాళ్ళు. లాయరు కావాలన్న పట్టుదల అక్కడ పుట్టింది. కాని చేతిలో మెట్రిక్ కూడా లేదు. ఇరవయ్యేళ్ళు దాటాక బనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్‌కు ప్రైవేటుగా కట్టింది. ఆపైన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం, మద్రాసులో న్యాయశాస్త్రం.

తను ఎక్కిన మెట్లే తర్వాత అందరికీ వేసింది. మద్రాసులో ఆడవాళ్ళను కూర్చోబెట్టి అదే బనారస్ మెట్రిక్‌కు తయారు చేసింది. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్ళు, వితంతువులు, మొగుళ్ళు వదిలేసినవాళ్ళు. ఆ అనుభవమే 1958లో సంక్షేమ బోర్డు తెచ్చిన సంక్షిప్త కోర్సు అయింది. సంక్షిప్తం అన్న మాటను చాలామంది తగ్గించిన చదువు అనుకుంటారు. కాదు. వంట, పురుడు, బేరం, అప్పు, కోర్టు, జైలు అన్నీ చూసిన ఆడది పరీక్షకు కూర్చోవాలంటే పిల్లల్లా పదేళ్ళు అక్కర్లేదు. సగం పాఠం ఆమె బతికే ఉంది. మిగిలిన సగానికి రెండేళ్ళు చాలు. ఆ లెక్క వేయగలిగింది ఎందుకంటే తనూ అలాగే చదివింది కాబట్టి. పెద్దవాళ్ళ చదువు గురించి ఎన్నో పుస్తకాలు వచ్చాయి. అమెరికాలో మాల్కం నోల్స్ 1970లో రాసింది వాటిలో పేరున్నది. పెద్దవాళ్ళు అనుభవాన్ని సంచిలో వేసుకుని తరగతికి వస్తారన్నది అందులో సారం. మద్రాసులో అప్పటికి ఎన్నేళ్ళ ముందే ఆ సంచి విప్పించారో లెక్క వేసుకోండి.

ఈ మధ్య ఇంకో మాట ఎక్కువ వినపడుతోంది. నేర్చుకునే తీరు. ఒకరు కంటితో నేర్చుకునే రకమట, ఒకరు చెవితో, ఒకరు చేత్తో. రకం కనిపెట్టి పాఠం దానికి తగ్గట్టు మార్చాలట. కొన్నేళ్ళ కిందట ఒక శిక్షణా తరగతిలో మాకు ఇరవై ప్రశ్నల కాగితం ఇచ్చి, నింపించి, తలా ఒక రంగు బిళ్ళ అంటించారు. నాకు పసుపు వచ్చింది, చెవి రకం. నా పక్కన కూర్చున్న టీచరమ్మకు నీలం, కంటి రకం. భోజనాల దగ్గర ఆమె కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయానని చెప్పింది. ప్రశ్నలు చదవలేక తోచిన గడిలో టిక్కు పెట్టిందట.

సరదాకు చెబుతున్నాను గాని, దీని మీద గట్టి పని జరిగింది. 2008లో పాష్లర్, మెక్‌డానియెల్, రోరర్, బ్యోర్క్ అనే నలుగురు మనస్తత్వ శాస్త్రజ్ఞులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేశారు. మనుషులకు ఇష్టాలుంటాయి, నిజమే. కాని ఆ ఇష్టానికి తగ్గట్టు పాఠం చెబితే ఎక్కువ నేర్చుకుంటారనడానికి చాలినంత రుజువు లేదని తేల్చారు. నాకు ఆశ్చర్యం కలగలేదు. కన్నా, చెవా, చెయ్యా అన్నది చెప్పేది పాఠం. ళ ఎలా పలకాలో ఎంత కంటి రకం మనిషైనా చెవితోనే వినాలి. ళ ఎలా రాయాలో ఎంత చెవి రకం మనిషైనా చేత్తోనే తిప్పాలి.

ఆ శిక్షణ రోజుల్లోనే హుస్సేనీ ఆలంలో రాత్రి క్లాసుకు ఒక కార్చోబ్ పనివాడు వచ్చేవాడు. జర్దోజీ కుట్టే మనిషి. పగలంతా అడ్డా ముందు గొంతుక్కూర్చుని, తొమ్మిది దాటాక వచ్చేవాడు. పలక మీద అక్షరం దిద్దమంటే చెయ్యి వణికేది. అంత సన్నని జరీ పని చేసే చెయ్యి బలపం పట్టుకుంటే వణకడమేమిటో నాకు అర్థమయ్యేది కాదు. ఒక రోజు ఒక ట్రేసింగ్ కాగితం చుట్ట తెచ్చి నా ముందు విప్పాడు. వర్ణమాల మొత్తం దాని మీద సూదితో పొడిచి ఉంది. ఖాకా అంటారు దాన్ని. కుట్టబోయే డిజైన్‌ను కాగితం మీద చుక్కలు చుక్కలుగా పొడిచి, బట్ట మీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన సుద్దతో రుద్దితే డిజైన్ బట్ట మీదికి దిగుతుంది. నా చార్టు ఇంటికి తీసుకెళ్ళి ఖాకా కొట్టాడు. పొడుస్తూ పొడుస్తూ ఒక్కో అక్షరం ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో వేళ్ళకు ఎక్కించుకున్నాడు. మర్నాటి నుంచి చెయ్యి వణకలేదు. మా శిక్షకుడుంటే ఆయనకు చేతి రకం అని ఒక ఎర్ర బిళ్ళ అంటించేవాడు. నాకు తెలిసింది వేరే. ఆయన ఇరవై ఏళ్ళుగా ఖాకా కొడుతున్న మనిషి. పక్కనే కూర్చున్న ఆటో డ్రైవరుకు అదే ఖాకా ఇస్తే విసుక్కున్నాడు. ఆయన అక్షరాలు బస్సు బోర్డుల మీద నేర్చాడు. ఏ రూటు బస్సు ఎటు పోతుందో అంతకుముందే తెలుసు కాబట్టి "అఫ్జల్‌గంజ్" అని ఉండాల్సిన చోట ఉన్న గీతలు అఫ్జల్‌గంజే అయి తీరాలి. తెలిసినదాని నుంచి తెలియని అక్షరాన్ని పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకే పద్ధతి మనుషులు. చేసే పనులే వేరు.

వాచకాల సంగతి. 1988 మే 5న జాతీయ సాక్షరతా మిషన్ మొదలయ్యాక మూడు వాచకాలు, 200 గంటలు అన్న కొలత వచ్చింది. వాటిలో ఉన్న మంచిని నేను కాదనను. కాని నాకొచ్చిన పుస్తకంలో నాగలి, బావి, పంట. తలాబ్‌కట్ట ఆడవాళ్ళకు నాగలి ఎక్కడిది? బ్రెజిల్‌లో పావులో ఫ్రేరీ 1963లో ఆంజికోస్ అనే ఊళ్ళో 300 మంది కూలీలకు 40 గంటల్లో చదువు చెప్పాడని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆయన ముందు ఆ ఊరి కూలీలు రోజూ నోట్లో నానే మాటలు ఏరుకున్నాడు. ఇటుక అన్న మాటతో మొదలుపెడితే ఇటుక మోసేవాడు ఊరుకోడు, కూలి గురించి మాట్లాడతాడు. మాట్లాడుతూనే అక్షరం నేర్చుకుంటాడు. మరుసటి ఏడాదే అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చి ఆయన్ను జైల్లో పెట్టింది, అది వేరే కథ.

పాతబస్తీలో మాటలు ఏరడానికి నేను పెద్దగా కష్టపడలేదు. కిరాయి, కిస్తీ, బాకీ, రసీదు, జమ, ఖర్చు, అర్జీ, దవాఖాన, జామీను. ఇవి ఉర్దూవా, తెలుగా? ఏ ఇంటివాళ్ళను అడిగినా మావేనంటారు. ఖాజీ అన్న మాటైతే మరీ బాగా కుదిరింది. ఉర్దూ ఖాఫ్‌ను మన హైదరాబాదీలు ఖ అనే పలుకుతారు, ఉత్తరాది వాళ్ళు దానికి నవ్వుతారు. తెలుగులో రాసేదీ ఖ తోనే. పలికినట్టే రాయవచ్చు. "ఖాజీ" అని తనే రాసి తనే చదువుకున్న రోజు ఒకామె, నికాహ్‌నామా మీద ఏం రాశారో అప్పుడు తెలిసుంటే బాగుండేదంది. ఆ పూట పాఠం సాగలేదు.

మాటలు వాళ్ళ బతుకులోవి అయితే ఏమవుతుందో తెలుగునాట ఎవరికీ చెప్పనక్కర్లేదు. నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో 1991 ప్రాంతంలో వాడిన వాచకంలో సీతమ్మ కథ ఉంది. సారా బాధల కథ. దూబగుంట ఆడవాళ్ళు అది చదివి, మాట్లాడుకుని, సారా దుకాణం మూయించారు. అక్కడి నుంచి అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులో నేనూ అదే పాఠం తెచ్చి మా క్లాసులో చదివించాను. చప్పగా సాగింది. మొహమాటానికి విన్నారు. వాళ్ళను కాల్చుకుతింటున్నది సారా కాదు, ఇంటింటికీ తిరిగే వడ్డీ వ్యాపారి. సీతమ్మను దూబగుంట నుంచి తీసుకురావచ్చు గాని దూబగుంటను తీసుకురాలేం కదా. వారం తర్వాత వడ్డీ మీద పాఠం నేనే రాసుకుని తెచ్చాను. అందులో నా లెక్క తప్పు. రెండు నిమిషాల్లో ముగ్గురు పట్టుకున్నారు.

లెక్కల గురించి కొంచెం ఆగి చెప్పాలి. మావాళ్ళలో చాలామంది ఇంట్లో కూర్చుని లాడ్ బజార్ లక్క గాజులకు రాళ్ళు అతికించేవాళ్ళు. 2024లో ఆ గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లలో చూసి ఉంటారు. పని జోడు లెక్కన. ఎన్ని జోళ్ళు, ఎంత అడ్వాన్సు, విరిగినవాటికి ఎంత కోత, ఇరవై మంది చిట్టీలో ఎవరు ఎత్తారు, ఎవరికి ఎంత తగ్గింపు, అంతా నోటిలెక్క. ఇలాంటి మనిషిని బోర్డు దగ్గరికి పిలిచి రెండంకెల కూడిక పెడితే, పక్కకు ఒకటి పట్టుకుని పోవడం రాక నిలబడిపోతుంది. బ్రెజిల్‌లోనే రెసీఫె వీధుల్లో కొబ్బరికాయల్లాంటివి అమ్మే పిల్లల మీద 1985లో ఒక అధ్యయనం వచ్చింది. పిల్లలు అయిదుగురే. బేరంలో అడిగిన లెక్కల్లో నూటికి 98 సరిగ్గా చెప్పారు. అలాంటివే కాగితం మీద ఉత్త అంకెల లెక్కలుగా ఇస్తే నూటికి 37. అది చదివాక నేను బోర్డు దగ్గరికి పిలవడం మానేశాను. ముందు నోటితో చెప్పమంటాను. "ఎట్లా చేశావమ్మా?" అని అడుగుతాను. ఆమె చెప్పిన దారినే కాగితం మీద పెడతాను. 38కి 27 కలపాలంటే మావాళ్ళు కుడి నుంచి ఒకట్లు కలపరు. ముప్పై, ఇరవై యాభై, పైన ఎనిమిది, ఏడు పదిహేను, అరవై అయిదు అంటారు. పెద్ద నోటు ముందు, చిల్లర తర్వాత. అక్షరాలు కుడి నుంచి చదివే మనుషులు లెక్క మాత్రం ఎడమ నుంచి చేస్తున్నారన్న సంగతి నాకు చాలా ఏళ్ళకు గాని తట్టలేదు.

ఇంకొన్ని సంగతులు పాఠం కంటే ముందొచ్చేవి. వాటి మీద ఎవరూ పుస్తకాలు రాయరు.

చత్వారం. నలభై దాటినవాళ్ళలో మందమతులని నేను అనుకున్నవాళ్ళలో సగం మందికి కావలసింది కళ్ళజోడు. పదేళ్ళుగా సూదిలో దారం కూతురితో ఎక్కించుకుంటున్నామె పుస్తకంలో ఒత్తులు ఎలా చూస్తుంది? ఇప్పుడు మొదటి రోజు నేను పుస్తకం తీయను, సూదీ దారం తీస్తాను.

వేళ. ఆడవాళ్ళకు పదకొండుకూ రెండున్నరకూ మధ్య దొరికే గంటన్నర. మగవాళ్ళకు రాత్రి తొమ్మిది తర్వాత. లాడ్ బజార్ దుకాణాలవాళ్ళకు అదీ కుదరదు. రంజాన్‌లో వేళలు తలకిందులు. ఆషాఢంలో బోనాలు, మొహర్రంలో అలావాలు, పెళ్ళిళ్ళ రోజుల్లో జరీ, గాజుల పనివాళ్ళు కనిపించనే కనిపించరు. పది నెలల కోర్సు అని పైనుంచి వచ్చిన కాగితంలో ఇవేవీ ఉండవు. హాజరు తగ్గితే "అభ్యాసకులలో ఆసక్తి లోపించింది" అని రాయడానికి మాత్రం ఒక గడి ఉంటుంది. ఆ గడి నేనూ నింపాను, సిగ్గుపడుతూ చెబుతున్నాను.

పిలుపు. ఆపా, ఖాలా, అక్కా, భాయ్ అనకుండా హాజరు పట్టీ చూసి పేరు పెట్టి పిలిచిన కొత్త బోధకుడి క్లాసు పదిహేను రోజుల్లో ఖాళీ అవడం చూశాను. అతను మంచివాడే, బాగా చెప్పేవాడు కూడా.

గుట్టు. ఇది అన్నిటికంటే పెద్దది. 80లలో గల్ఫ్ నుంచి ఉత్తరాలు వచ్చేవి, క్యాసెట్లు వచ్చేవి. మొగుడు రాసిన ఉత్తరం మరిది చేత చదివించుకోవాల్సి వచ్చిన ఆడవాళ్ళు నా క్లాసుకు పరిగెత్తుకుంటూ వచ్చారు. వాళ్ళకు నీతికథలు, పొదుపు పాఠాలు ఏమీ అక్కర్లేదు. ఆ ఒక్క కవరు తలుపు వేసుకుని తమంతట తాము చదువుకుంటే చాలు. వాళ్ళకు తెలుగు అవసరమే లేదు, ఉర్దూ చదవడం, రాయడం కావాలి. నా కేంద్రానికి వచ్చింది తెలుగు వాచకం. ఆరు నెలలు పైవాళ్ళకు చెప్పకుండా ఉర్దూ చెప్పాను, మా నాన్న నోటుబుక్కును తిరగేసి పట్టుకుని. ఇప్పుడు ఫోనులో మాట రికార్డు చేసి పంపుకుంటున్నారు, అక్షరంతో పనేముందని కొందరు అంటారు. పోయిన నెల ఒకామె నా దగ్గరికి వచ్చింది. బ్యాంకు నుంచి వచ్చే మెసేజి కొడుకు చదివి పెడుతున్నాడు. ఖాతాలో ఎంతుందో తనకంటే ముందు కొడుక్కి తెలియడం ఆమెకు ఇష్టం లేదు. 1982లో అదే గుమ్మంలో ఆమె అత్తగారు ఉత్తరం పట్టుకుని నిలబడింది.

1982 అంటే గుర్తొచ్చింది. ఆ ఏడాదే ఈ ఊళ్ళో దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది, ఇప్పటి అంబేద్కర్ విశ్వవిద్యాలయం. బడి ముఖం చూడనివాళ్ళు కూడా ఒక అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చని తలుపు తీసింది. మా గది నుంచి ఇద్దరు ఆ తలుపు దాకా వెళ్ళారు, ఒకరు లోపలికి వెళ్ళారు. రెండోవారు పరీక్ష ముందు రోజు ఇంట్లో పెళ్ళిచూపులని ఆగిపోయారు. అందరినీ నెగ్గించిన కథ చెప్పడానికి నేను రాలేదు.

నిర్వాహకులు నన్నొకటి అడిగారు. వచ్చే నెల ఇక్కడ కొత్త తరగతి మొదలవుతుందట, కుర్రాళ్ళు చెబుతారట, వాళ్ళకు ఏదైనా పనికొచ్చేది చెప్పమన్నారు. మీరు ఇచ్చిన చేరిక ఫారం చూశాను బాబూ. పేరు, వయసు, చిరునామా, చదువు. చదువు ఎదురుగా "లేదు" అని ముందే అచ్చయి ఉంది. దాని పక్కన ఇంకో గడి గీసుకోండి. "వచ్చినవి" అని పెట్టండి. మొదటి వారమంతా అది నింపడానికే పెట్టుకోండి. నా ఆఖరి రిజిస్టరులో ఆ గడి కింద ఉన్నవి కొన్ని చదువుతాను, పేర్లు చెప్పను.

ఖురాన్ చదువుతారు. రాయరు. నూటికి మూడు వడ్డీ ఆరు నెలలకు నోటితో చెప్పారు.

అగర్‌బత్తీ చుడతారు, గంటకు ఎన్నో చూడకుండా చెప్పగలరు. నాలుగో తరగతి దాకా వెళ్ళారు, టీచరు కొట్టినందుకు మానేశారు. కుర్చీలో కూర్చోబెట్టవద్దు.

తాపీ మేస్త్రీ. ప్లాను కాగితం చూసి గోడలు చెబుతారు, ప్లాను మీద అంకెలు వచ్చు, అక్షరాలు రావు. మూలమట్టం గురించి నాకు చెప్పారు.

తెలుగు, ఉర్దూ, కొంచెం మరాఠీ. పాటలు వచ్చు, పాడమంటే పాడరు. కళ్ళజోడు కావాలి. శుక్రవారం రారు.